గుమ్మడికాయ మీద ఐదు రూపాయలు

మా ఊరి క్రైస్తవుల గుడిలో కోత పండుగ ఫిబ్రవరి ఆఖర్లో చేసేవాళ్లు. మొలగొలుకుల వరి కోసి, నూర్చి, ఇళ్లకు చేర్చేది మా వైపు అప్పుడే. ఊరు నెల్లూరుకు తూర్పున, సముద్రానికి ఐదారు మైళ్లు ఇవతల ఉంది. గుడికి వచ్చేవాళ్లలో సొంత మడి ఉన్నవాళ్లు తక్కువ, కూలికి పోయేవాళ్లు ఎక్కువ. అయినా ఆ రోజు ఉత్త చేతులతో ఎవరూ వచ్చేవాళ్లు కారు. వరికంకుల కట్ట, టెంకాయలు, కోడిపెట్ట, గంపెడు ఉప్పు, చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టుకొచ్చిన ఒక్క కోడిగుడ్డు, ఏది ఉంటే అది తెచ్చి ఆరాధన బల్ల ముందు పెట్టేవాళ్లు. ఆరాధన అయ్యాక గుడి ముందు పందిట్లో వాటన్నిటినీ వేలం వేసేవాళ్లు.

అది అంగడి వేలం లాంటిది కాదు. తక్కువకు కొట్టేద్దామని ఎవరూ చూడరు. డబ్బు గుడికి పోతుంది కాబట్టి అణా సరుకును రూపాయికి పాడటం గొప్ప. ఇంకో పద్ధతి కూడా ఉండేది. పాట దక్కిన మనిషి వస్తువును ఇంటికి తీసుకుపోవచ్చు, లేదంటే చెయ్యెత్తి "గుడికే" అనవచ్చు. అంటే దాన్ని మళ్లీ గుడికి ఇచ్చేశాడని అర్థం. అప్పుడు ఆ వస్తువునే ఇంకోసారి పాటకు పెడతారు. ఒకే కోడిగుడ్డు మూడుసార్లు అమ్ముడుపోవడం నేను చూశాను.

డబ్బు అక్కడికక్కడే చేతులు మారేది కాదు. అప్పటికి వడ్లు అమ్ముడై ఉండవు, కూలిగింజలు కొలిచి ఉండరు. అందుకని ఎవరు దేన్ని ఎంతకు పాడారో సంఘం పుస్తకంలో రాసుకునేవాళ్లు. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారం నాటికి కట్టేయాలి. ఆ రోజు ఆరాధన చివర్లో పుస్తకం తెరిచి పేరు, పాట, కట్టినది, బాకీ, అన్నీ అందరి ముందూ చదివేవాళ్లు. బాకీ ఉన్నవాళ్లు లేచి నిలబడి ఎప్పుడిస్తారో చెప్పాలి. పిల్లలం మాత్రం ఆ వేళకు తాటిమట్టలు పట్టుకుని బయట ఇసుకలో తిరుగుతూ ఉండేవాళ్లం. లోపల ఏం చదువుతారో మాకు తెలియదు.

ఆ పుస్తకం రాసేదీ చదివేదీ మా నాన్నే. ఊళ్లో ఎలిమెంటరీ బడికి అయ్యవారు, సంఘానికి కోశాధికారి.

నాకు అప్పుడు పదేళ్లు. కొత్త పైసలు వచ్చి రెండు మూడేళ్లయింది గానీ అణాలు ఇంకా పోలేదు. బళ్లో పైసల లెక్కలు చేసి అంగట్లో అణాల్లో అడిగేవాళ్లం. లెక్కల్లో నేను ముందుండేదాన్ని. అందుకే జరిగినదానికి తెలివి తక్కువ అని చెప్పి తప్పించుకోలేను.

ఆ ఏడు మొదట కోడిగుడ్డు పాటకు వచ్చింది. మా చుట్టుపక్కల వడ్లను బుచ్చిరెడ్డిపాలెం మిల్లులకు బేరం కుదిర్చే దళారి ఒకాయన మా సంఘంలోనే ఉండేవాడు. తెల్లచొక్కా, పెద్ద గొంతు, ఎప్పుడూ ఏదో ఒక హాస్యం. గుడ్డును ఆయన రెండు రూపాయలకు పాడి "గుడికే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకొకాయన రూపాయికి పాడి ఆయనా "గుడికే" అన్నాడు. మళ్లీ చప్పట్లు. ఎవరి చేతినుంచీ ఒక్క పైసా బయటికి రావడం నాకు కనిపించలేదు. పాడటం, తిరిగి ఇచ్చేయడం, చప్పట్లు. ఆ గట్టిగా అన్న మాటే కానుక అని నాకు నేనే అనుకున్నాను.

గుమ్మడికాయ వచ్చింది. పండినది, మంచి రంగు మీద ఉంది. ఎనిమిది అణాల దగ్గర మొదలై రూపాయిన్నర దాకా పోయి ఆగింది. ఆడవాళ్ల వైపు నుంచి నేను "ఐదు రూపాయలు" అన్నాను.

పందిరంతా నవ్వింది. వేలం వేస్తున్న పెద్దాయన మా నాన్న వైపు చూశాడు. నాన్న తల పుస్తకంలో ఉంది. పెద్దాయన నవ్వుతూనే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాడు. నేను వెంటనే చెయ్యెత్తి "గుడికే" అన్నాను. అంతకుముందు ఎవరికీ కొట్టనన్ని చప్పట్లు కొట్టారు. రెండోసారి ఆ కాయ రూపాయి పావలాకు ఒక ముసలామెకు పోయింది. ఆమె తిరిగి ఇవ్వలేదు. చంకనెత్తుకుని ఇంటికి తీసుకుపోయింది.

వేలం ముగిశాక అమ్మ నా దగ్గరికొచ్చి నిలబడింది.

"యాడ నించి ఇస్తావు?"

"ఏందిమా?"

"ఐదు రూపాయలు."

"కాయ తిరిగిచ్చేసినా గదా."

చుట్టూ ఉన్నవాళ్లకు అప్పటికి గానీ సంగతి తెలియలేదు. దళారి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ లెక్కే బాగుండాది పాపా. అయితే నేను పదేళ్ల నించి ఎవరికీ ఏమీ బాకీ లేనట్టే. నేనూ గుడికే అంటానే ఉండా."

పాస్టరుగారు పుస్తకం దగ్గరికి వచ్చి, చిన్నబిడ్డ పాట, కొట్టేయండి అయ్యవారూ అన్నారు. నాన్న కలం తీశాడు. అమ్మ అడ్డం వచ్చింది.

"వద్దయ్యగారూ. రాసింది అట్నే ఉండనీండి."

"నేనిస్తాలేమ్మా," అన్నాడు దళారి. "ఐదు రూపాయలేగా. నా పేరు మీద రాసుకోమని చెప్పు అయ్యోరికి."

"మీ పేరు మీద పోయినేటి పదిహేను ఉండాయన్నా. ముందు వాటి సంగతి చూడండి."

అందరితోపాటు ఆయనా నవ్వాడు. కానీ ఎక్కువసేపు నవ్వలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మాట మళ్లీ వచ్చింది. ఐదు రూపాయలంటే ఆ రోజుల్లో నాన్నకు ఒక పంచె. ఆయన పంచెలు రెండూ మోకాళ్ల దగ్గర కుట్లు వేసినవే.

"పదేళ్ల బిడ్డ. తెలియక అనింది," అన్నాడు నాన్న. "పిల్లల పాట లెక్కలోకి రాదని రాస్తే సరిపోతుంది."

"పోయినేడు మీరు దళారన్న గుమ్మం ముందర నిలబడి డబ్బులడిగినారు. ఏమన్నాడాయన?"

నాన్న పుస్తకం మూశాడు.

"పండగ ఊపులో అన్నాలే అయ్యోరా, అన్నాడు. ఊపులో అన్నా అన్నట్టేనని మీరు చెప్పొచ్చినారు. ఈసారి పోతే ఆయనేం అడుగుతాడు? మీ బిడ్డదేమయింది అని అడగడా?"

"అయితే నేనే కడతా. జీతం రానీ."

"మీరు పాడలేదు గదా."

అంతటితో అయిపోయింది. నాన్న పుస్తకం అలమరలో పెట్టేశాడు. నాకు అప్పటికి భయం పట్టుకుంది. ఐదు రూపాయలన్నందుకు కాదు. మట్టలాదివారం నాడు నాన్న తన నోటితో నా పేరు చదివి బాకీ అంటాడని. అట్లా చదివితే ఊళ్లో ఇంకెవరినీ ఆయన గట్టిగా అడగలేడని కూడా నాకు అర్థమైంది. అమ్మ మాటల్లో ఉన్నది అదే.

మరుసటి రోజు పొద్దున నేను గంప తీసుకుని పరిగెకు పోతానన్నాను. కోత అయిన మడిలో రాలిన కంకులు ఏరుకోవడాన్ని పరిగె అంటారు. మా బళ్లో సగం మంది పిల్లలు ఆ రోజుల్లో బడికి రాకుండా పరిగెకే పోయేవాళ్లు. అమ్మ నా చేతిలో గంప తీసేసుకుంది.

"ఆ కంకులు కోసినోళ్ల బిడ్డలవి. వాళ్లకు అది గంజి. నీ గుమ్మడికాయ కోసం వాళ్ల గంజి ఏరుకొస్తావా?"

"మరేం చేసేది?"

"చెప్తా. ముందు చేయకూడనివి విను. ఇంట్లో పనికి కూలి అడగకూడదు, తినేదానివి నువ్వు కూడా. అవ్వ దగ్గర చెయ్యి చాపకూడదు. మీ నాన్న జేబు తట్టు చూడకూడదు."

అమ్మ పుట్టిల్లు సముద్రపు ఒడ్డున, తాటితోపుల మధ్య. అక్కడ ఎండాకాలం ముందు ఆడవాళ్లు విసనకర్రలు చేసి నెల్లూరుకు పంపేవాళ్లు. అమ్మకు ఆ పని చేతిలో ఉంది. "ఎండలొస్తుండాయి. ఇసనకర్రలు చెయ్యి. ఒకటి చేసి చూపిస్తా. రెండోది నేను ముట్టుకోను," అంది.

ఊరి బయట తాటితోపులో ఆకులు కోసే తాత ఒకడు ఉండేవాడు. ఇంటికప్పులకు ఆకులు, ఎండాకాలం ముంజలు, అదే ఆయన బతుకు. విసనకర్రలకు పనికొచ్చే లేత ఆకులు నూరు ఒక రూపాయి అన్నాడు. ఆ రూపాయి నా దగ్గర లేదు. అమ్మ దగ్గర ఒక రూపాయి ఉంది గానీ అది అమ్మది కాదు.

ప్రతి శనివారం సముద్రం వైపు నుంచి ఒక చేపలామె ఎండు నెత్తళ్ల గంప ఎత్తుకుని నడిచి వచ్చేది. మేము నెలంతా అప్పు మీద తీసుకుని నెలాఖరులో ఇచ్చేవాళ్లం. అమ్మ దాచిన రూపాయి ఆమెకు ఇవ్వాల్సినది. ఆ శనివారం ఆమె వచ్చి గంప దించగానే అమ్మ నన్ను ముందుకు తోసింది.

"నీ రూపాయి ఉండాది. అయితే మా పాప అడగతా ఉంది. విను."

ఆ రూపాయి అప్పు అడగాలంటే నేను విషయమంతా చెప్పాల్సి వచ్చింది. కోడిగుడ్డు దగ్గర్నుంచి చెప్పాను. ఆమె క్రైస్తవురాలు కాదు. గుడి వేలం గురించి ఆమెకు ఏమీ తెలియదు. అయినా శ్రద్ధగా విని, చివర్లో బుగ్గ నొక్కుకుంది.

"కాయ లేకుండానే ఐదు రూపాయలా? మాకు చేపలిచ్చే పడవాయన కంటే గట్టోళ్లే మీ గుడోళ్లు. ఎప్పుడిస్తావు మే నా రూపాయి?"

"మట్టలాదివారానికి ముందు శనివారం."

"అదెప్పుడో నాకేం తెలుసు. ఎన్ని వారాలో చెప్పు."

"ఐదు."

"ఐదో వారం నేనొచ్చి గంప దించేసరికి నా రూపాయి నా చేతిలో ఉండాల. సరేనా?"

సరేనన్నాను. ఆమె వెళ్లాక అమ్మ నన్ను కూర్చోబెట్టి లెక్క చెప్పించింది. నూరు ఆకులు, నూరు విసనకర్రలు. ఒకటి అణా, అంటే ఆరు పైసలు. మొత్తం ఆరు రూపాయలు. ఒకటి చేపలామెకు, ఐదు గుడికి.

"ఏమన్నా మిగిలిందా?"

"లేదు."

"అయితే ఒక్క ఆకు గూడా పోకూడదు."

మొదటి రోజే పోయాయి. లేత ఆకును నీడలో, చెక్క కింద బరువు పెట్టి మూడు రోజులు ఆరబెట్టాలి. అమ్మ చెప్పింది, చూపించింది. నాకు తొందర. అమ్మ నీళ్లకు పోయిన సమయంలో పది ఆకులు తీసి ఎండలో ఇసుక మీద పరిచాను, మధ్యాహ్నానికే ఆరిపోతాయి కదా అని. మధ్యాహ్నానికి అవి ముడుచుకుని మడతల వెంట చీలిపోయాయి. మూడు మాత్రం పనికొచ్చాయి. అమ్మ ఆ ఏడింటినీ చూసి తిట్టలేదు. పొయ్యిలోకి పెట్టుకుంటూ "తొంభై మూడు," అంది. అంతే.

మిగతావి చెప్పినట్టే చేశాను. మట్టకు రెండు పక్కలా రంపం పళ్లలాంటి కరుకు ఉంటుంది, దాన్ని కత్తిపీటతో చెక్కేయాలి. ఆకు అంచును గుండ్రంగా కత్తిరించాలి. చీల్చిన ఈనెను అంచు చుట్టూ వంచి తాటినారతో కుట్టాలి. వేళ్లు కోసుకున్నాయి. బడి వదిలాక రోజుకు మూడు, ఆదివారాలు తప్ప మిగతా సెలవు రోజుల్లో ఆరేడు. పదో దానికి చెయ్యి తిరిగింది. ఇరవయ్యో దానికి అమ్మ తీసుకుని విసురుకుని చూసి, ఏమీ అనకుండా కింద పెట్టింది. అంటే బాగుందని.

అమ్మకం కాలవ వంతెన దగ్గర. నెల్లూరు పోయే బస్సు పొద్దున అక్కడ ఆగేది. ఇంజనులో నీళ్లు పోసుకునేదాకా జనం లోపల ఉడికిపోతూ ఉండేవాళ్లు. కిటికీల కింద తిరుగుతూ "ఇసనకర్ర అణా, ఇసనకర్ర అణా" అని అరిచేదాన్ని. మొదటి రోజు ఒక పెద్దమనిషి కిటికీలోంచి చెయ్యి చాపి ఒకటి తీసుకున్నాడు. డ్రైవరు నీళ్లు పోసినంతసేపూ హాయిగా విసురుకున్నాడు. బస్సు కదిలేటప్పుడు "గాలి సరిగ్గా రాలేదు పాపా" అని తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి అణా చేతిలో పడితేనే విసనకర్ర కిటికీ ఎక్కేది.

"అణాకి రెండిస్తావా?" అని అడిగేవాళ్లు.

"ఆకు గూడా కొన్నదే," అనేదాన్ని.

"ఆకులు చెట్టుకు కాస్తాయి గదా?"

"చెట్టెక్కి కోసుకోండి అయితే."

బస్సులో ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు, ఒకరిద్దరు కొనేవాళ్లు. రెండుసార్లు పాత పావలా ఇచ్చి నాలుగు తీసుకున్నారు. అణాల్లో చూస్తే సరిగ్గా సరిపోయింది. ఇంటికొచ్చి పైసల్లో చూస్తే నాలుగు విసనకర్రలకు ఇరవై నాలుగు రావాలి, పావలాకు ఇరవై అయిదు. ఒక పైసా ఎక్కువ. ఆ పైసా ఎవరిదో తెలియక రాత్రి అన్నం దగ్గర నాన్నను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, సర్కారుదే కాని నువ్వు ఉంచుకోవచ్చు అన్నాడు. "నాలుగణాల సరుకిచ్చి నాలుగణాలు తీసుకునింది. దీనికింత ఆలోచనేంది?" అంది అమ్మ.

నా అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. పాడైపోయిన ఆ ఏడు ఆకుల నష్టం నన్ను నిద్రపోనివ్వలేదు. ఎక్కడో ఒకచోట దాన్ని పూడ్చాలి. ఇంకా నలభై దాకా మిగిలి ఉండగా, వాటిని ఒక్కొక్కటి ఏడు పైసలకు అమ్మితే సరిపోతుందని ఒక ఉపాయం తట్టింది. సోమవారం పొద్దున వంతెన దగ్గర "ఇసనకర్ర ఏడు పైసలు" అని అరిచాను. రోజూ నెల్లూరుకు పోయే పాలాయన ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"శనివారం అణానే గదా?"

"ఏడాకులు పోయినాయి."

"నేనా పోగొట్టింది?"

నేను పక్క కిటికీ కిందికి పోయాను. మొండికేసి మూడు రోజులు అదే ధర చెప్పాను. మూడు రోజుల్లో ఒక్కటి కూడా పోలేదు. నాలుగో రోజు మళ్లీ అణాకు దిగాను. పాలాయన పలకరింపుగా "ఆకులు దొరికినాయా పాపా?" అన్నాడు. ఆ మూడు రోజులూ నాకు తిరిగి రాలేదు. అవే ఉంటే తాత దగ్గర ఇంకొన్ని ఆకులు కొని, ఆరబెట్టి, కుట్టి అమ్ముకుని ఉండేదాన్ని. ఆ ఆలోచన వచ్చేసరికి వారంలో రోజులు చాలలేదు.

మట్టలాదివారానికి ముందు శనివారం పొద్దున ఆఖరి విసనకర్ర అమ్మి ఇంటికొచ్చాను. అమ్మ ముందు గుడ్డమూట విప్పి లెక్కపెట్టాను. అణాలన్నీ పైసల్లోకి మార్చి రెండుసార్లు లెక్కపెట్టాను. ఐదు రూపాయల అరవై పైసలు.

"ఐదూ గుడికి కట్టేయచ్చు," అంది అమ్మ. "అప్పుడు చేపలామెకు అరవై ఇస్తావు, నలభై బాకీ పడతావు. లేకపోతే ఆమెకు రూపాయీ ఇచ్చి గుడికి నాలుగూ అరవై కడతావు."

"నీకేది మంచిదనిపిస్తాది మా?"

"నన్నడగొద్దు. గుడిలో పేరు చదువుతారు. ఆమెది ఎవరూ చదవరు. రెండూ నీకు తెలుసు."

నేను మనసులో నిర్ణయం చేసుకున్నాను. చేపలామె మంచిది, నవ్వుతూ మాట్లాడుతుంది, నలభై పైసలకు ఒక్క వారం ఆగమంటే ఆగుతుంది. పుస్తకం అట్లా కాదు. ఆగుతుందేమో అడుగుతానని అమ్మతో అన్నాను.

"అడుగు. నువ్వే అడగాల."

ఆమె ఎండ ముదిరాక వచ్చింది. గంప దించి, గుమ్మం నీడలో కూర్చుని కాళ్లు చాపుకుంది. పాదాలకు ఉప్పునేల తెల్లగా అంటుకుని ఉంది. అమ్మ నీళ్ల చెంబు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. నేను మూట పట్టుకుని నిలబడ్డాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

"అమ్ముడైనాయా అన్నీ?"

"అయినాయి."

"దేవుడు మేలు చేసినాడు. మీ ఇంటి రూపాయి ఇయ్యాళ వస్తాదని పడవాయనకు చెప్పొచ్చినా. పాతది ఇస్తే గానీ గంప నింపనన్నాడు, ముండమోపోడు. రూపాయికి ఒక్క పైసా తగ్గినా నింపడు వాడు."

నేను అడగలేదు. రెండు పావలాలు, యాభై పైసల చిల్లర ఏరి ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసి కొంగున ముడేసుకుంది.

"వడ్డీకి ఒక ఇసనకర్రైనా దాచిపెట్టలేదామే నాకు? ఎండన పడి వచ్చినా గదా."

"అన్నీ అమ్మేసినా."

"గట్టిదానివే," అని గంప ఎత్తుకుంది.

అమ్మ లోపలి నుంచి వచ్చి చెంబు తీసుకుంది. ఏమిచ్చావని అడగలేదు. ఆ మధ్యాహ్నం అన్నంలోకి నెత్తళ్ల పులుసు చేసి నాకు రెండుసార్లు వడ్డించింది.

మరుసటి రోజు ఆరాధనకు ముందు నాలుగు రూపాయల అరవై పైసలు నాన్న బల్ల మీద పెట్టాను. నాన్న నా వైపు చూడకుండానే లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, అందరికీ ఇచ్చినట్టే నాకూ చీటీ రాసి ఇచ్చాడు. జేబులో చెయ్యి పెట్టబోయి మానుకున్నాడని అమ్మ తర్వాత చెప్పింది. అది నేను చూడలేదు.

ఆ రోజు పిల్లలతో బయటికి పోలేదు. అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. నాన్న లేచి పుస్తకం తెరిచాడు. బళ్లో ఎక్కాలు చెప్పించే గొంతే, ఎక్కువా తక్కువా లేదు. ఒక్కొక్కరి పేరు వస్తోంది. చాలామందికి చెల్లు. కూలివాళ్లందరికీ దాదాపు చెల్లే. దళారి పేరు వచ్చింది. పోయినేటి బాకీ పదిహేను, ఈ ఏటి పాట ఏడు, కట్టినది లేదు, మొత్తం ఇరవై రెండు.

దళారి లేవలేదు. కూర్చున్నచోటు నుంచే "చూస్తాంలే అయ్యోరా," అన్నాడు. నాన్న ఏటా అక్కడ తల ఊపి తర్వాతి పేరుకు పోయేవాడట. ఆ రోజూ అట్లాగే పోయాడు.

ఇంకో నాలుగు పేర్లకు నాది వచ్చింది. ఇంటిపేరుతో సహా చదివాడు. "పాట, గుమ్మడికాయ, ఐదు రూపాయలు. కట్టినది నాలుగు రూపాయల అరవై పైసలు. బాకీ నలభై పైసలు."

లేచి నిలబడ్డాను. మగవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు.

"వచ్చే ఆదివారం ఇస్తాను."

"ఎంత?" అన్నాడు నాన్న. బాకీదారులందర్నీ ఆయన ఆ మాటే అడిగేవాడు.

"మొత్తం."

రాసుకున్నాడు. కలం పాళీ తుడిచాడు. ఆ తర్వాత, ముందుకు పోకుండా, పుస్తకంలో ఒక పేజీ వెనక్కి తిప్పి దళారి పేరు మళ్లీ చదివాడు.

"తమరు ఎప్పుడిస్తారో నేను రాసుకోలేదు."

దళారి ఒకసారి పాస్టరుగారి వైపు, ఒకసారి కిటికీ వైపు చూశాడు. చివరికి మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు.

"పై నెల మొదట్లో పది. మిగతాది ఆ పై నెల."

"పది, పన్నెండు," అంటూ నాన్న రాసుకున్నాడు.

బయట పందిరి దగ్గర దళారి నన్ను ఆపాడు. కోపంగా లేడు గానీ ఎప్పటి నవ్వూ లేదు.

"నలభై పైసలు పెట్టి నన్ను లేపినావు గదమే."

"పాప లేచింది తన బాకీకి, అన్నా," అంది అమ్మ, నా చెయ్యి పట్టుకుని నడుస్తూనే.

ఆయన పది రూపాయలు కట్టాడు. పన్నెండులో కొంత మరుసటి ఏడు దాకా పుస్తకంలో ఉండింది. దాన్ని నాన్న మళ్లీ చదివాడు, ఆయన మళ్లీ లేచాడు.

సోమవారం పొద్దున బడికి ముందు నేను తోపుకు పోయాను. తాత చెట్టు కింద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు.

"ఎనిమిది ఆకులు కావాల తాతా. లేతవి. డబ్బులు శనివారం ఇస్తా."

"ఇంకెంత బాకీ ఉండాది?"

"నలభై పైసలు."

"నలభైకి ఎనిమిదెందుకు? ఏడుకి నలభై రెండొస్తాయి గదా."

"అందులో నీకు ఏడు పైసలియ్యాల. ముప్పై అయిదే మిగుల్తాది."

తాత వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. ఒకసారి చూసుకుని, నా ముఖం చూసి, మళ్లీ చూసుకున్నాడు. ఆ తర్వాత కత్తి నడుముకు దోపుకుని చెట్టెక్కాడు. ఆకులు ఒక్కొక్కటీ కిందికి వేస్తుంటే నేను పట్టుకుని నీడలో పేర్చాను. ఎండలో ఒక్కటి కూడా పడనివ్వలేదు. ఆరడానికి గురువారం అవుతుంది. ఆ సాయంత్రం కుట్టాలి. శనివారం పొద్దున బస్సు.